పచ్చిగోడ

1వ రోజు

శాఖవాళ్ళు నాకొక పెట్టె ఇచ్చారు. రోజూ సాయంత్రం పని ఎంతవరకు వచ్చిందో దానికి ఒక్క ముక్కలో చెప్పాలట. "పని మొదలైంది" అన్నాను. "నమోదైంది" అంది. దానికి అంతకన్నా అక్కర్లేదు. నాకు కావాలి, అందుకే ఈ పుస్తకం. నిన్న ఏ పాళ్ళు కలిపానో ఈ వయసులో రాసుకుంటే తప్ప గుర్తుండి చావడం లేదు.

నా పేరు పైడమ్మ. తాపీ మేస్త్రీని. యాభై తొమ్మిది నడుస్తోంది. పందిరి కింద సున్నం పూత తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలానని అవధాని గారు ఇవాళ మూడుసార్లు చెప్పారు. పొగిడారో, జాలిపడ్డారో అర్థం కాలేదు. ఆయన పరిరక్షణ శాఖలో ఈ రేవు సత్రానికి అధికారి. మంచివాడే. గోడను చెయ్యి పెట్టి చూడడు, పలక మీద బొమ్మలో చూస్తాడు. అదొక్కటే లోపం.

బయటి ఎండా దుమ్మూ లోపలికి రాకుండా ఊరి మీద పందిరి వేసి ముప్పై ఏళ్ళయింది. దాని కింద ఇళ్ళన్నీ యంత్రాలు పోసినవే. పందిరికి ముందు కట్టింది ఈ సత్రం ఒక్కటే మిగిలింది. ఓడల్లో వచ్చినవాళ్ళు పడుకుని వెళ్ళడానికి ఎవరో పుణ్యాత్ముడు కట్టించాడు. ముందు వసారాలో సున్నంతో తీర్చిన చిలకలూ తీగలూ ఇంకా బాగున్నాయి. వెనక అయిదు గదుల్లో పూత అట్టలు అట్టలుగా రాలిపోయింది. ఆ అయిదు గదులూ నా వంతు.

ఇదే ఆఖరు. మోకాళ్ళు ఎప్పుడో చెప్పేశాయి, నేనే వినలేదు. ఈ పని కాగానే తాపీ కడిగి, నూనె రాసి, గుడ్డలో చుట్టేసి మా చెల్లెలి దగ్గరికి పోతాను. మా వృత్తిలో తాపీకి నూనె రాస్తే పని అయిపోయినట్టు. రేపు పని ఉందంటే నీళ్ళ బకెట్లోనే వదిలేస్తాం.

6వ రోజు

దాలినాయుడు వచ్చాడు. పెద్దాయన, డెబ్భై నాలుగేళ్ళు. ఈ సత్రంలో పదకొండు కుటుంబాలు ఇరవై ఏళ్ళుగా కాపురం ఉన్నాయి, మొత్తం నలభై ముగ్గురు. మనుషుల తేమకి పూత చెడిపోతోందని శాఖవాళ్ళు వాళ్ళని పోయిన నెల ఖాళీ చేయించారు. ఇప్పుడు అంచు షెడ్లలో ఉన్నారు. అక్కడ పందిరి తెర నేలకు సరిగ్గా ఆనదు, కింది నుంచి బయటి దుమ్ము తోసుకొస్తుంది.

లోపలికి రానివ్వరు కాబట్టి గుమ్మం అవతలే నిలబడి, నోటికి తుండు అడ్డం పెట్టుకుని మాట్లాడాడు.

"బేగి కానియ్యి పైడమ్మా. నా గుండెల్లో ఇసక పోసినట్టు ఉన్నాది."

"సున్నం బేగి అవదు సిన్నాన్నా. దాని టైము దానిది."

"ఎన్నాళ్ళు?"

"డెబ్భై అయిదో రోజున పరీచ్చ. సూది గుచ్చి సూస్తారు. గోడ గట్టిపడితే మీ గదులు మీవి."

"పడకపోతే?"

శాఖ రాసిచ్చిన ఒప్పందం కాగితంలో ఏముందో ఇద్దరికీ తెలుసు. పడకపోతే సత్రానికి గాజులాంటి జిగురు తొడుగు వేసి మూసేస్తారు. వీళ్ళని పందిరి బయటికి పంపుతారు. బయట ఈయన ఒక ఎండాకాలం గడపలేడు.

"గట్టిపడకేటి! నాను పూసింది ఎప్పుడైనా రాలిందా?" అన్నాను. మాట ఇచ్చేశాను. నోటి దురుసు ఈ వయసులోనూ పోలేదు.

19వ రోజు

మొదటి పూత అయిదు గదుల్లోనూ అయింది. గుల్ల సున్నం బయటి బట్టీ నుంచి పీపాల్లో వచ్చింది. ఆరు నెలలు నీళ్ళలో మగ్గిన సరుకు, చేతిలోకి తీసుకుంటే వెన్నే. ఇసక రెండు పాళ్ళు, సున్నం ఒక పాలు. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు. బెల్లం అని చెప్తే శాఖ పెట్టె "ఆహార పదార్థం, అనుమతి లేదు" అంది. అవధాని గారు వచ్చి దాన్ని సముదాయించారు.

గదికొకటి చొప్పున శుద్ధి పెట్టెలు బిగించారు. పాత కట్టడాన్ని కాపాడేవి అవేనట. తేమ, దుమ్ము, బొగ్గుగాలి, అన్నీ లాగేసి చల్లటి గాలి వదులుతాయి. ఆ గాలి సరిగ్గా నా కుడి భుజం మీదికే వస్తుంది. మధ్య గదిలో నేను అన్నం తినే మూలకు అడ్డంగా పాత చీర ఒకటి కట్టుకున్నాను. తిన్నాక అక్కడే గోడకు చేరబడి కాసేపు కళ్ళు మూస్తాను. పనిలో ఈ నిద్ర కోసమే బతుకుతున్నానని కూడా అనుకోవచ్చు.

31వ రోజు

గోటితో గీరాను. గీత పడింది. పదిహేను రోజుల పూత మీద గోటి గీత పడకూడదు.

శాఖ పెట్టెకు మాత్రం "పని నడుస్తోంది" అని చెప్పాను.

38వ రోజు

తప్పు నాదే అనుకుని ఒక గది మొత్తం గీకి మళ్ళీ పూశాను. ఇసక మార్చాను, బెల్లం తగ్గించాను. గోనెపట్టాలు తడిపి కట్టాను. ఆరింది, కానీ గట్టిపడలేదు. ఆరడం వేరు, గట్టిపడడం వేరు. ఈ మాట చెప్తే అవధాని గారు పలకలో వెతుక్కున్నారు.

చేతి మీద నమ్మకం పోయింది. నలభై ఏళ్ళు చేసిన పని ఒక్కసారి నాకు రాదన్నట్టు ఉంది. గుమ్మం దగ్గర దాలినాయుడు దగ్గుతున్నాడు. లోపల ఉన్నట్టు తెలియకూడదని తాపీ చప్పుడు ఆపేసి కూర్చున్నాను. సిగ్గు లేకపోతే సరి.

47వ రోజు

ఇవాళ జరిగింది పూర్తిగా రాస్తాను, ఓపిక లేకపోయినా.

మా పెదనాన్న కూర్మయ్య దగ్గర నేను పని నేర్చుకున్నాను. గోడ లోపల ఇంకా పచ్చిగా ఉందో లేదో చూడ్డానికి ఆయన పసుపు నీళ్ళు చల్లేవాడు. పచ్చి సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పెళ్ళిళ్ళకు పారాణి కలిపే ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే. గోడ మీద పసుపు పసుపుగానే ఉండిపోతే సున్నం రాయి అయినట్టు లెక్క.

చెంబుడు పసుపు నీళ్ళు తీసుకుని అయిదు గదులూ తిరిగాను. ఎక్కడ చల్లినా ఎరుపే. గోడలన్నీ పారాణి పెట్టుకుని నన్ను వెక్కిరిస్తున్నాయి. ఆఖరికి నా అన్నం మూలకు వచ్చాను. చీర పక్కకు లాగి చల్లాను.

పసుపు అలాగే ఉంది.

చేటంత మేర. నేను కూర్చుంటే నా తల ఆనే ఎత్తులో. తాపీ మొనతో పొడిచాను, టంగుమంది. అదే సున్నం, అదే రోజు పూసింది, అదే చెయ్యి. తేడా అల్లా నేనక్కడ రోజూ కూర్చోవడం, గాలి రాకుండా చీర కట్టడం.

అప్పుడు గుర్తొచ్చింది మేస్త్రీ పొయ్యి. పూత అయ్యాక మా వాళ్ళు ఆ ఇంటి నడుమ గదిలో పొయ్యి పెట్టి, పిల్లాజెల్లాతో తొమ్మిది రోజులు అక్కడే వండుకుని తిని పడుకునేవారు. ఇంటివాళ్ళు గొణుక్కునేవారు, మేస్త్రీ మందని మేపాల్సి వస్తోందని. "గోడకి మనిషి సెగ తగలాలమ్మా" అనేవాడు పెదనాన్న. తిండి కోసం కల్పించిన సాకు అనుకున్నాను. మేం అప్పుడు అంత లేనివాళ్ళం మరి. చిన్నప్పుడు దానికి సిగ్గుపడి, నేను మేస్త్రీనయ్యాక ఆ ఆనవాయితీ నేనే మాన్పించాను. పందిరికి ముందు కాబట్టి గోడలు బయటి గాలికే ఎలాగో గట్టిపడ్డాయి, నాకు తెలియలేదు. పందిరి వచ్చాక ఇన్నేళ్ళూ పాత చిలకలకి ముక్కులు అతకడమే గాని, ఒక గది మొత్తం పూసే పని దొరకనే లేదు.

ఆయన ఉంటే కాళ్ళ మీద పడేదాన్ని.

48వ రోజు

అవధాని గారిని మూలకు పిలిచి రెండు చోట్లా పసుపు చల్లి చూపించాను. ఈసారి పలక చూడలేదు. వంగి, వేలితో తడిమి చూశారు.

"సున్నం గట్టిపడాలంటే బొగ్గుగాలి పీల్చుకోవాలి. మనం ఊపిరి వదిలితే వచ్చేది అదే. పందిరి సగం లాగేస్తుంది, ఈ పెట్టెలు మిగతాది లాగేస్తున్నాయి. కాపాడుతున్నామనుకుని గోడ నోరు నొక్కాం మేస్త్రీ గారూ" అన్నారు.

"పొయ్యి పెట్టనిస్తారా బాబూ?"

"పందిరి కింద నిప్పా! నన్నూ మిమ్మల్నీ కలిపి బయటికి పంపుతారు."

"పెట్టెలు ఆపుతారా?"

"అది నా చేతిలో లేదు."

"అయితే మనుషుల్ని రానియ్యండి. నలభై ముగ్గురూ ఉన్నారు కదా, ఊరకే దుమ్ము తింటా."

ఆయన ఉత్తర్వు చదివి వినిపించారు. పని పూర్తయ్యేవరకు పనివాళ్ళు తప్ప ఎవరూ లోపల ఉండకూడదు. గోడ గట్టిపడితేనే మనుషులు రావాలి, మనుషులు వస్తేనే గోడ గట్టిపడుతుంది. ఇలాంటి ఉత్తర్వు రాయడానికి ఎంత చదువుకోవాలో.

బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాను.

"పనివాళ్ళు ఎంతమంది ఉండొచ్చు బాబూ?"

"మేస్త్రీ అడిగినంతమంది."

ఆ మాట అనేశాక ఆయనే నా వైపు చూశారు. నేనూ చూశాను.

"పేర్లు రాసుకోండి" అన్నాను.

51వ రోజు

నలభై ముగ్గురు కూలీలు దిగారు. చంకల్లో పిల్లలు ముగ్గురు, వాళ్ళూ కూలీలే. తడి గోనెపట్టాలు ఎప్పుడూ మార్చాలి కాబట్టి ఇక్కడే ఉండాలని రాశాను. గోనెపట్టాలు కట్టింది శుద్ధి పెట్టెల మూతుల మీద. ఎక్కడ కట్టాలో ఉత్తర్వులో లేదు.

దాలినాయుడు తన పాత గదిలోకి వెళ్ళి ఉత్తరం గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు.

"ఏటి పని సెప్పు మేస్త్రమ్మా."

"ఊపిరి తియ్యి."

"అంతేనా?"

"వదలడం మర్సిపోకు."

నవ్వబోయి దగ్గాడు. దగ్గినా పనిలోకే వస్తుందని చెప్పాను.

57వ రోజు

గదుల్లో ఉక్క. నలభై ముగ్గురి చెమట, పిల్లల ఏడుపు, చింతపండు వాసన. నా అన్నం మూల కూడా పోయింది, అక్కడ ఎవరో బట్టలు ఆరేశారు. మనుషులు మధ్యాహ్నానికి తలనొప్పి అంటున్నారు. గదికి సగం మందిని వంతులవారీగా వసారాలోకి పంపుతున్నాను. పూత పనిలో ఇన్నేళ్ళలో ఊపిరికి వంతులు వెయ్యడం ఇదే మొదలు.

దాలినాయుడి కోడలు అసిరమ్మ నోరు మూయదు. షెడ్లలో ఎవరు ఎవరి బిందె ఎత్తుకెళ్ళారో మొదలుపెట్టి గోడకే చెప్తుంది. ఇవాళ పసుపు చల్లాను. అయిదు గదుల్లోకీ ముందు గట్టిపడింది ఆవిడ గోడే.

"సూసినావా మావా! నోరు మూసుకోమని ముప్పై ఏళ్ళు సెప్పినావు. మూసుకుంటే నీ కొంప కూలును" అంది.

చాలా రోజుల తర్వాత దాలినాయుడు దగ్గు రాకుండా నవ్వాడు. నేనూ నవ్వాను, మోకాళ్ళు నొప్పెట్టేదాకా.

75వ రోజు

పరీక్ష. శాఖ నుంచి సూది యంత్రం వచ్చింది. ఉదయమే అందరినీ వసారాలో చిలకల కింద వరసగా కూర్చోబెట్టాను. ఒక్కరూ మాట్లాడలేదు, అసిరమ్మతో సహా.

గదికి ఇరవై పోట్లు. నాలుగు గదులు దాటాయి. అయిదోది దాలినాయుడి గది. నేను లోపలికి వెళ్ళలేకపోయాను. గుమ్మం అవతల, ముందు రోజుల్లో ఆయన నిలబడిన చోటే నిలబడి, పోట్లు లెక్కపెట్టాను. పంతొమ్మిదో పోటు దగ్గర యంత్రం ఆగింది. మళ్ళీ పొడిచింది. తర్వాత "అయిదు గదులూ ఉత్తీర్ణం" అంది.

పెద్దాయన లేచి వచ్చి తన తుండుతో నా చేతుల సున్నం తుడిచాడు. నాకు ఏడుపొచ్చింది. రాయడానికి సిగ్గేం లేదు, వచ్చింది.

ఇంక కింది అంచుల్లో నున్న పూత ఒక్కటే మిగిలింది. రెండు రోజుల పని. చెల్లెలికి కబురు పెట్టాను.

77వ రోజు

అవధాని గారు పొద్దున్నే వచ్చారు. మొహం చూస్తేనే తెలిసింది.

పరీక్ష ఫలితం పైకి వెళ్ళిందట. పందిరి కింద గట్టిపడిన సున్నం పూత ఇదే మొదటిదట. పైవాళ్ళు తెగ సంబరపడ్డారు. ఇంత అపురూపమైన గోడల మధ్య జనం ఉండడమేమిటని కొత్త ఉత్తర్వు వేశారు. పని పూర్తయిన రోజు నుంచి సత్రం మూసి, చూడడానికి మాత్రమే ఉంచుతారు. కుటుంబాలకు వేరే చోటు చూస్తారు.

"ఎక్కడ?"

"అంచు షెడ్లు శాశ్వతం చేస్తారట."

"మన ఒప్పందం?"

"పాత ఒప్పందం కొత్త ఉత్తర్వుతో రద్దయింది. నేను రాశాను మేస్త్రీ గారూ, రెండుసార్లు రాశాను."

కోపం కూడా రాలేదు నాకు. కోపానికి బలం కావాలి. ఈ గోడ బాగా రాకపోతే వాళ్ళు బయటికి, బాగా వచ్చింది కాబట్టి అంచుకి. ఇంత మంచిగా పూసినందుకు నా చేతులు నరుక్కోవాలి అనిపించింది.

ఆ కాగితం ఇంకోసారి చదవమన్నాను. చదివారు. మొదటి మాట దగ్గర ఆపమన్నాను.

"పని పూర్తయిన రోజు నుంచి" అని మళ్ళీ చదివారు.

"ఎప్పుడు పూర్తయిందో ఎవరు చెప్పాలి?"

"మేస్త్రీ చెప్పాలి. రోజూ మీరు పెట్టెకు చెప్తారే, అదే ఆధారం."

కుటుంబాలు గోనెపట్టాలు తడుపుతున్నాయి. వాళ్ళకి ఇంకా తెలియదు. నాకు మా చెల్లెలి ఇంటి ముందు అరుగు కనిపించింది, దాని మీద నా కోసం వేసిన చాప కనిపించింది. ఆ చాప మీద పడుకోవాలని ఎంత ఉందో ఈ పుస్తకానికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

78వ రోజు

మధ్య గదిలో, నా అన్నం మూలలో, నా తల ఆనిన చోటే తాపీ పెట్టాను. అయిదు గదుల్లోకీ గట్టి చోటు. మూరెడు మేర పూత గీకేశాను. రాయిలా వచ్చింది, చప్పున ఊడలేదు. నా జీవితంలో ఎంతోమంది పాడుచేసిన గోడలు గీకాను. బాగా వచ్చిన నా గోడను నేనే గీకడం ఇదే మొదలు. రెండుసార్లు తాపీ జారింది.

దాలినాయుడు వెనక వచ్చి నిలబడ్డాడు.

"గట్టి గోడ గీకేస్తన్నావేటే?"

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆయన గీకిన పెళ్ళలు ఏరి సున్నం గమేళాలో వేశాడు.

"మరి నీ సెల్లెలు?"

"ఉంటాది. ఎక్కడికి పోద్ది."

సాయంత్రం పెట్టె అడిగింది. "పని నడుస్తోంది" అన్నాను.

"నమోదైంది."

214వ రోజు

ఇంకా ఆ మధ్య గదిలోనే ఉన్నాను. మూరెడు గీకడం, మూరెడు పూయడం, గట్టిపడ్డాక పక్క మూరెడు. అయిదు గదులూ ఒక చుట్టు రావడానికి నాలుగేళ్ళు పడుతుందని లెక్క వేశాను. అప్పటికి మొదటి మూరెడు మళ్ళీ పాతబడుతుంది. మోకాళ్ళు వినడం మానేశాయి, అసిరమ్మ బల్ల వేసి కూర్చోబెట్టి పూయిస్తోంది. ఇసక ఎక్కువైందని నాకే చెప్తోంది. నిజంగానే ఎక్కువైంది.

దాలినాయుడి దగ్గు తగ్గింది. ఉత్తరం గోడకు చేరబడి కూలి చేస్తున్నాడు. చేస్తూ చేస్తూ గురక పెడతాడు.

ఇవాళ మా చెల్లెలు కబురు రాసి పంపింది, చాప చుట్టి లోపల పెట్టాను అని. చదివి మడిచి ఈ పుస్తకంలోనే పెట్టుకున్నాను.

పొద్దు వాలుతుండగా అవధాని గారు వచ్చారు. ఈమధ్య ఆయన పలక తేవడం లేదు. వసారా మెట్టు మీద కూర్చుని, చిలకల్ని చూస్తూ అడిగారు.

"పైనుంచి మళ్ళీ అడిగారు మేస్త్రీ గారూ. పూర్తయిందా?"

"ఇంకా లేదు బాబూ."

"తొందరపడకండి. సున్నం పని కదా, దాని టైము దానిది" అని ఆ మెట్టు మీదే ఇంకా కాసేపు కూర్చున్నారు, ఆయన ఊపిరీ గోడకి పనికొస్తుందన్నట్టు.

తాపీని నీళ్ళ బకెట్లో వదిలేశాను.